సైకిలు పందెమే జీవనోపాధిగా



నేటి నా ప్రసంగ విషయము సైకిలు. “దానిని గూర్చి చెప్పవలసిన దేమున్నది? మా యింటి గోడకు చేరవేసియే యున్నది గదా” యని మీరనవచ్చును. నిజమే. మన బోధన్ ప్రాంతమున సైకిలు నెరుగని గడప లేదు. పాలక్యానులు మోసినది, పొలమునకు సద్ది చేర్చినది, పిల్లలను బడికి గొనిపోయినది, శక్కర్‌నగరున కూత వినబడగానే కార్మికుని పనివేళ కందించినది ఈ వాహనమే. అయితే దీనిని తొక్కుటయే వృత్తిగా గైకొని, ఒడంబడిక వ్రాసికొని, జీతము పుచ్చుకొని, ఆ జీతముతో ఆలుబిడ్డలను పోషించుకొనువారు లోకమున కలరు. గుఱ్ఱము నెక్కినవానిని రౌతని పిలుచుట మన వాడుక. వీరిని సైకిలు రౌతులందము. వారి బ్రతుకు తెరువెట్టిదో వివరింపవలెనని నా యుద్దేశము.

ఈ విషయము మన కెందుకని అడుగుదురేమో. చెప్పెదను. 1931లో నిజాంసాగరము పూర్తియై మంజీర నీరు కాలువల కెక్కినది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమైనది. ఆ పొగగొట్టపు నీడలో రెండు మూడు తరములవారు బ్రతికిరి. 2015 డిసెంబరులో దాని ద్వారములు మూతపడినవి. చెరకు నాటిన మళ్ళలో చాలచోట్ల వరి నాటుచున్నారు. చదివిన పిల్లలు హైదరాబాదునకును, చదువు సాగనివారు గల్ఫు దేశములకును పోవుచున్నారు. ఇట్టి కాలమున ఊరి కొక పిల్లవాడైనను సైకిలు చక్కగా తొక్కువాడుండును. వాడు చేతిలోని ఫోనులో ఐరోపా పందెములను చూచును; “నేనును అట్టివాడ నగుదును” అనును. తండ్రి యేమి చెప్పవలెనో తెలియక ఊరి పెద్దల కడకు వచ్చును. ఎరుగని వృత్తిని గూర్చి ఔననుటయు తప్పే, కాదనుటయు తప్పే. కావున ముందుగా దాని నెరుగుదము.

ఈ పందెములలో అన్నిటికంటె పేరుగన్నది టూర్ ద ఫ్రాన్స్. 1903లో లోటో అను ఫ్రెంచి క్రీడాపత్రిక తన ప్రతులు ఎక్కువగా అమ్ముడుపోవలెనని ఒక ఉపాయము పన్నినది: దేశము చుట్టును సైకిలుపై తిరిగి రావలెను; ముందుగా వచ్చినవానికి బహుమానము. మొత్తము 2,428 కిలోమీటర్లు, 6 విడతలు. బయలుదేరినవారు 60 మంది. తుదివరకు నిలిచినవారు 21 మంది. గెలిచిన మోరీస్ గారెన్ బాల్యమున ఇండ్ల పొగగొట్టములు తుడిచిన పనివాడు. ధనవంతులు వినోదమునకై ఆడిన ఆట కాదిది. కూలిబిడ్డలు కూటికొరకు దిగిన పని. మొదటినుండియు దీని స్వభావ మట్టిదే.

ఆ పందెము రెండు మహాయుద్ధముల కాలమున మాత్రమాగి, తక్కిన సంవత్సరములన్నిటను జరుగుచు వచ్చినది. 2024లో దాని దూరము 3,498 కిలోమీటర్లు. అనగా కాశ్మీరమునుండి కన్యాకుమారికి గల రహదారితో ఇంచుమించు సమానము. దానిని 21 దినములలో తొక్కవలెను. నడుమ విశ్రాంతి రెండు దినములే. సగటున దినమునకు 165 కిలోమీటర్లకు పైమాట. నిజామాబాదునుండి హైదరాబాదునకు ఒకనాడు, మరునాడు మరల అంతదూరము, ఆ మరునాడు మరల, ఇట్లు మూడు వారములు పోవుటను తలపోయుడు. అందు కొన్ని దినములు ఆల్ప్సు, పిరనీసు పర్వతముల నెక్కి దిగవలెను. వేగము గంటకు సగటున 40 కిలోమీటర్లు.

గెలుపును లెక్కించు పద్ధతి యొక్కటి కాదు. అన్ని దినముల కాలమును కూడగా ఎవనికి తక్కువ పట్టినదో వాడు పందెమునకెల్ల విజేత. వానికి పసుపుపచ్చని అంగీ. ఏ దినమున ఆ దినపు గమ్యమును ముందుగా చేరినవాడు ఆ విడత విజేత. దినదినమును గమ్యములవద్ద మార్కులిచ్చి, ఎక్కువ మార్కులు కలవానికి ఆకుపచ్చని అంగీ యిత్తురు. కొండల నెక్కుటలో మేటికి ఎఱ్ఱచుక్కల అంగీ. కాబట్టి కొండవాడు, బయలు ప్రదేశపు వేగగాడు, ఓర్పుగలవాడు వేర్వేరు ఫలములను కోరి ఒకే బాటన పోవుదురు.

ఇక ఈ వృత్తియొక్క మర్మమును చెప్పెదను. అది గాలిలో నున్నది. ఎదురుగాలిలో పొలమునుండి మరలునపుడు చిన్నపిల్లవాడు తండ్రి వీపుచాటున నడచును, వానికెవరును నేర్పలేదు. సమతలమున గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు రౌతు తన బలములో అధికభాగమును గాలిని చీల్చుటకే వెచ్చించును. వాని వెనుక జానెడు మూరెడు ఎడముతో పోవువానికి ఆ శ్రమలో సుమారు మూడవవంతు తగ్గును. గుంపు నడుమ నున్నవానికి ఇంకను తగ్గును. అందుచేత ఒంటరిగా ముందు పోవువా డెంతటి బలశాలియైనను అలసిపోవును. వెనుక దాగినవాడు తుదిలో తాజాగా నుండును.

ఈ యొక్క కారణమువలననే సైకిలు పందెము జట్టుల పనియైనది. టూరులో ఒక్కొక్క జట్టునకు 8 మంది. 2024లో 22 జట్టులు, 176 మంది రౌతులు. జట్టున కొకడో ఇద్దరో నాయకులు. తక్కినవారిని ఫ్రెంచి భాషలో దొమెస్తిక్ అందురు. ఇంటిపనివాడని దాని యర్థము. వారి పని తాము గెలుచుట కాదు; నాయకుని గెలిపించుట. గాలికి తాము ఎదురు నిలిచి నాయకుని వెనుక నుంచుకొందురు. జట్టు మోటారు వెనుక వచ్చుచుండగా దానికడకు పోయి, నీళ్ళసీసాలను అంగీలో క్రుక్కుకొని, మరల శ్రమపడి ముందున్నవారికి అందింతురు. నాయకుని చక్రము చెడినచో తమ చక్రమును ఊడదీసి యిత్తురు. తమకు నిర్ణయించిన మేర వరకు బలమంతయు వెచ్చించి, ఆపిమ్మట వెనుకబడి, ఏ వందవ స్థానముననో గమ్యము చేరుదురు. ఆనాటి పత్రికలలో వారి పేరుండదు. కాని జీతము వారికి ఆ పనికే ముట్టును.

దీనికి 1934లో జరిగిన యొక కథ కలదు. కాన్ నగరమున హోటలులో పనిచేసిన రెనే వియెట్టో అను ఇరువదేండ్ల యువకుడు ఆ యేటి టూరులో కొండలమీద అందరను మించి మెఱయుచుండెను. అతని జట్టు నాయకుడు ఆంటొనాన్ మాన్య్. పిరనీసు కొండ దిగుచు నాయకుడు పడిపోగా చక్రము చెడెను. వియెట్టో తన ముందుచక్రమును తీసి యిచ్చి, తాను గోడపై కూర్చుండి సహాయపు బండికొరకు ఎదురుచూచుచు కంటతడి పెట్టెను. ఆ చిత్రము నేటికిని ప్రసిద్ధము. మరుసటి దినమున మరల నాయకునికి ఆపద వాటిల్లగా, ముందు పోవుచున్న వియెట్టో వెనుకకు తిరిగి కొండనెక్కి వచ్చి సాయపడెను. మాన్య్ పందెము గెలిచెను. వియెట్టో అయిదవవాడయ్యెను, జీవితమున మరెన్నడును టూరును గెలువలేదు. అయినను ఫ్రాన్సు ప్రజలు అతని పేరు మరువలేదు. తన గెలుపును ఒకరికిచ్చుట ఈ వృత్తిలో వింత కాదు, నిత్యము జరుగు పని; ఆ యువకుని కన్నీరు దాని వెల యెంతో చూపినది.

జీతమును గూర్చి పెద్దలు తప్పక అడుగుదురు. జట్టులను నడుపునవి వ్యాపార సంస్థలు. తమ పేరు అంగీలపై వ్రాయించుకొని, ఆ ప్రకటనకు బదులుగా డబ్బిత్తురు. చూచువారు టిక్కెట్టు కొననక్కరలేదు. పందెము రహదారిమీదనే గదా జరుగుచున్నది. అందుచే ప్రవేశ రుసుములు లేవు. అంతర్జాతీయ సైకిలు సంఘమువారు పైతరగతి జట్టులకు కనీస వేతనమును నిర్ణయించిరి. 2020 నుండి స్త్రీల పైతరగతి జట్టులకును అట్లే చేసిరి. కాని మూడవ తరగతి జట్టులలో చాలమందికి బత్తెము తప్ప జీతమే యుండదు. టూరు విజేతకు 5 లక్షల యూరోల బహుమానము. దానిని విజేత తాను దాచుకొనక తోడి రౌతులకును, చక్రములు బాగుచేయువానికిని, ఒళ్ళు పట్టువానికిని పంచిపెట్టుట ఆచారము. పొత్తుసేద్యమున పంట పంచుకొన్నట్లే ఇదియు.

ఇప్పుడొక్కని జీవితమును తీసికొని ఆదినుండి చూతము. ఐరోపావానిని గాక, మనవంటి ఎండలు, మనవంటి బీదరికము గల దేశమువానిని తీసికొందును. ఆఫ్రికాలో ఎఱ్ఱసముద్రపు టొడ్డున ఎరిత్రియా అను చిన్నదేశము కలదు. అది 1941 వరకు ఇటలీవారి పాలనలో నుండెను. ఇటలీవారు సైకిలును తెచ్చిరి. వారు పోయిరి, సైకిలు నిలిచినది. రాజధాని అస్మరా సముద్రమట్టమునకు 2,300 మీటర్ల యెత్తున నున్నది. అచ్చటి పిల్లలు పలుచని గాలిలో కొండబాటలు తొక్కి పెరుగుదురు. ఆదివారము పందెము లచ్చట జాతరవలె జరుగును.

ఆ యూర 2000 ఏప్రిల్ 2వ తేదీన బినియం గిర్మాయ్ జన్మించెను. 2018లో ఆఫ్రికా బాలుర పోటీలలో గెలిచెను. స్విట్జర్లాండులోని ఏగ్ల్ పట్టణమున అంతర్జాతీయ సంఘమువారి శిక్షణాలయము కలదు. సైకిలు పందెములు పెంపొందని దేశముల పిల్లలకు అచ్చట శిక్షణ యిత్తురు. గిర్మాయ్ అందు చేరెను. ఆ యేడే బెల్జియమున ఒక బాలుర పందెమున రెమ్కో ఎవనపూల్ అనువానిని ఒక విడతలో ఓడించెను. ఆ ఎవనపూల్ తరువాత 2022లో ప్రపంచ విజేతయు, 2024లో ఒలింపిక్ విజేతయు నయ్యెను. దీనినిబట్టి గిర్మాయ్ బలమెట్టిదో తెలియును. అయినను బలమున్నంత మాత్రమున ఎవ్వరును పిలిచి జీతమియ్యరు. చూచువారి కన్నులయెదుట పోటీపడవలెను. ఆ యవకాశము నిచ్చినది ఆ శిక్షణాలయము.

2020లో ఒక ఫ్రెంచి జట్టు అతనిని జీతమునకు పెట్టుకొనెను. ఆ జట్టునకు ధనము కుంటుపడి 2021తో మూతపడినది. మన మెరిగిన సంగతియే: పనివాడెంత నిపుణుడైనను కర్మాగారము నిలువనిచో ఏమగును? గిర్మాయ్ అదృష్టవశమున ముందుగనే, ఆ యేటి ఆగస్టులో, ఒక బెల్జియము జట్టునకు మారెను. ఆ జట్టును 2025 చివర వేరొక జట్టుతో కలిసిపోయెను. 2026కు అతడు మరల క్రొత్త జట్టును చూచుకొనవలసివచ్చెను. ఇంత పేరు గడించినవానికే ఇట్లున్నచో, సామాన్యపు రౌతు ఒడంబడిక ముగియు నెల సమీపించినపుడు నిద్రపట్టక గడుపుటలో ఆశ్చర్యమేమి?

2022 మార్చి 27వ తేదీన బెల్జియమున గెంట్-వెవల్‌గెం అను ఘనమైన పందెమును అతడు గెలిచెను. అట్టి పందెమున నల్లజాతి ఆఫ్రికావాడు గెలుచుట అదియే మొదలు. వారము దిరుగగనే అంతకంటె పెద్దదియగు ఫ్లాండర్సు పందెముండెను. అందఱును అతడు పాల్గొనునని తలచిరి. కాని అతడు పాల్గొనలేదు; అస్మరాకు ప్రయాణమయ్యెను. భార్యను, పసికూతురును చూచి మూడునెలలైనది; ముందుగా ఇంటికి పోవుదునని మాటయిచ్చియుండెను. పెద్దలారా, ఈ సంగతిని కొంచెము నిలిచి ఆలోచింపుడు. మన జిల్లానుండి దుబాయికి, మస్కటుకు పోయిన కొడుకుల తల్లిదండ్రులకు నేను వేరుగ వివరింప నక్కరలేదు. సైకిలు వృత్తియు నొక వలసయే. జీతము పరదేశమున, పసిబిడ్డ స్వదేశమున. పందెపు చిత్రములో కనబడనిది ఇదియే.

ఆ యేడే మే 17వ తేదీన ఇటలీ దేశపు పందెమున యేజీ పట్టణమున ఒక విడత గెలిచెను. బహుమాన వేదికపై పానపుసీసా తెరచుచుండగా బిరడా ఎగిరి కంటికి తగిలినది. మరునాడు పందెమును మానుకొనవలసివచ్చెను. కొండలో పడని దెబ్బ సన్మానమున తగిలినది! రెండేండ్ల తరువాత, 2024 జూలై 1వ తేదీన, టూర్ ద ఫ్రాన్సులో టురిను నగరమున విడత గెలిచెను. నూటఇరువదేండ్ల చరిత్రలో ఒక నల్లజాతి ఆఫ్రికావాడు టూరులో విడత గెలుచుట అదియే ప్రథమము. ఆ మాసమున 6వ తేదీన, 11వ తేదీన మరి రెండు విడతలు గెలిచెను. 16వ తేదీన గమ్యమునకు కొంచెము దూరమున పడిపోయి గాయపడెను. లేచి, కట్టు కట్టించుకొని, మరునాడు మరల బయలుదేరెను. ఆ నెల 21వ తేదీన నీస్ నగరమున ఆకుపచ్చని అంగీ అతనిదయ్యెను.

ఆ విజయము ఒక్కనిది కాదు. తుది కిలోమీటర్లలో గాలికి ఎదురు నిలిచి అతనిని ముందుకు గొనిపోయిన జట్టువారిది కొంత. 2015లో ఎరిత్రియానుండి టూరునకు మొదటిసారిగా పోయిన డానియల్ టెక్లహైమనోట్, మెర్హావి కుదుస్ అనువారిది కొంత. టెక్లహైమనోట్ కొన్ని దినములు ఎఱ్ఱచుక్కల అంగీని ధరించెను. ముందు పోవువాడు గాలిని చీల్చును, వెనుకవాడు తక్కువ శ్రమతో పోవునని మొదట చెప్పితిని గదా. ఆ న్యాయము రహదారికే గాక తరములకును చెల్లును.

మన ప్రాంతమునకు తగిన మరియొక ముచ్చట కలదు. అది తిండిని గూర్చినది. మామూలు మనిషికి దినమునకు రెండువేల, రెండువేల అయిదువందల కాలరీల ఆహారము చాలును. టూరులో కొండదినమున రౌతునకు ఆరువేలకు మించియు కావలెను. గంటకు 90 గ్రాములు, ఇటీవల 120 గ్రాముల వరకును పిండిపదార్థములను, చక్కెరను త్రాగుచు తినుచు పోవుదురు. అందులో శాస్త్రమిది. చెరకు చక్కెర యందు గ్లూకోసు, ఫ్రక్టోసు అను రెండు చక్కెరలు జంటగా కూడియుండును. మన ప్రేగులలో ఆ రెంటికిని వేర్వేరు ద్వారములు. గ్లూకోసు నొక్కదానినే తీసికొన్నచో గంటకు 60 గ్రాములకు మించి ఇముడదు. రెంటిని కలిపి యిచ్చినచో రెండు ద్వారములును పనిచేయును, ఎక్కువ బలము చేరును. శక్కర్‌నగరున బస్తాల కెత్తిన ఆ తెల్లని పదార్థమునకు ఇట్టి ప్రయోజనము కూడ కలదు. అయితే కదలక కూర్చుండువానికి అదే చక్కెర పగయగును. మనలో మధుమేహమున్నవారు రౌతును చూచి రెండవ చెంచా వేసికొనరాదు!

ఇక అపాయములు. కొండ దిగునపుడు వేగము గంటకు 80 కిలోమీటర్లు దాటును. క్రింద రెండు సన్నని రబ్బరుచక్రములు. ఒంటిపై పలుచని అంగీ. 2003 మార్చిలో కజకస్థాను దేశపు ఆంద్రే కివిలెవ్ తలకు దెబ్బతగిలి మరణించెను. ఆ తరువాతనే శిరస్త్రాణము తప్పనిసరి యయ్యెను. 2023 జూనులో స్విట్జర్లాండు పందెమున జీనో మేడర్ అను 26 ఏండ్ల యువకుడు కొండ దిగుచు లోయలో పడి ప్రాణము విడిచెను. మెడ ఎముక, చేయి విరుగుట లెక్కకురాని సంగతులు.

మరియొక అపాయము కంటికి కనబడనిది. 1967 జూలై 13వ తేదీన టామ్ సింప్సన్ అను ఇంగ్లీషు రౌతు వాంతూ కొండనెక్కుచు కూలి మరణించెను. ఎండయు, అలసటయు, మితిమీరి పురికొల్పు మందులును కలిసి అతనిని చంపినవి. అమెరికావాడగు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుండి 2005 వరకు వరుసగా ఏడు టూరులు గెలిచెనని లోకము కొనియాడినది. మోసపు మందులు వాడినట్లు తేలగా 2012లో ఆ ఏడును కొట్టివేయబడినవి. నేడు పరీక్షలు కఠినము. రౌతు ఏ దినమున ఎచ్చట నుండునో ముందుగా వ్రాసి తెలుపవలెను. తెల్లవారుజామున వచ్చి తలుపు తట్టినను రక్తమిచ్చి తీరవలెను. పిల్లవానికి “ఇది త్రాగు, బలము వచ్చును” అని మాత్రలిచ్చువాడు ఊరిలో దాపురించినచో, వానిని పాముకంటె ముందు తరుముడు.

వయస్సును గూర్చి రెండు మాటలు. పదునేడు, పదునెనిమిదేండ్లు బాలుర తరగతి. ఇరువదిరెండేండ్ల వరకు యువకుల తరగతి. బలము ఇరువదియైదు మొదలు ముప్పది వరకు నిండుగా నుండును. ముప్పదియైదు దాటిన రౌతు లరుదు. అనగా మన పిల్లవాడు ఇంటి బరువును మోయవలసిన వయస్సున వాని పని ముగియును. తరువాత కొందరు శిక్షకులగుదురు, కొందరు జట్టు మోటారులో కూర్చుండి ఆజ్ఞలిత్తురు, కొందరు అంగడి పెట్టుకొందురు, కొందరికి ఏమియు దొరకదు. చేతిలో చదువున్నవాడే ఆనాడు నిలుచును.

మన దేశపు స్థితి యెట్టిది? 1948 లండను ఒలింపిక్సులోనే భారతదేశపు రౌతులు పాల్గొనిరి. కాని ఇంతవరకు ఒక్క భారతీయుడును టూర్ ద ఫ్రాన్సున తొక్కలేదు. 2016లో ఖతరు దేశపు దోహాలో ప్రపంచ రహదారి పోటీలకు నవీన్ జాన్ పోయి కాలపరీక్ష పందెమున పాల్గొనెను. గుండ్రని బాటపై జరుగు పోటీలలో మనవారి స్థితి కొంత మేలు. 2019లో జర్మనీలో జరిగిన బాలుర ప్రపంచ పోటీలలో మన జట్టు స్వర్ణము గెలిచినది. అందొకడు ఎసో ఆల్బెన్, అండమాను నికోబారు దీవుల బాలుడు. సముద్రము నడుమ నున్న దీవినుండి ఢిల్లీ శిక్షణాలయమునకు బాట కలదన్నమాట. మన హైదరాబాదులోను 2002 జాతీయ క్రీడల కొరకు ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలో సైకిలు పందెపు బాట నిర్మింపబడెను.

మన జిల్లా పిల్లలు అశక్తులని నేను నమ్మను. 2014 మే 25వ తేదీన పదుమూడేండ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరమునెక్కెను; ఆమెది మన జిల్లా పాకాల గ్రామము. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లోను 2023లోను ముష్టియుద్ధమున ప్రపంచ విజేతయయ్యెను. వీరిద్దరును బాలికలే యని గమనింపుడు. సైకిలు పందెములలోను స్త్రీలకు 2022 నుండి టూర్ ద ఫ్రాన్స్ వేరుగ జరుగుచున్నది. కావున పెద్దల కడకు తండ్రి కొడుకును గాక కూతురును వెంటబెట్టుకొని వచ్చినను ఈ మాటలే వర్తించును.

ఆ తండ్రికి ఏమి చెప్పవచ్చునో నాకు తోచినది మనవి చేసెదను. మొదటిది: చదువు మాన్పింపరాదు. ఉదయమున రెండు గంటలు, ఆదివారమున నాలుగు గంటలు తొక్కుటకు చదువు అడ్డురాదు. రెండవది: పొలము కుదువబెట్టి లక్షల సైకిలు కొనరాదు. పందెపు సైకిలు 6.8 కిలోలకు తగ్గరాదని నియమము. ఆ తేలికదనమునకే అంత వెల. ముందుగా ఉన్న సైకిలుపైననే బోధన్‌నుండి నిజామాబాదునకు పోయి రమ్మనుడు; కాలము వ్రాసికొనుడు; ఆరునెలలు చూడుడు. కాలము తగ్గుచున్నచో బలమున్నది. పిల్లవాడు విసుగక తొక్కుచున్నచో మనస్సున్నది. మూడవది: శిరస్త్రాణము లేక గడప దాటనీయరాదు, లారీల రద్దీ లేని తెల్లవారువేళనే, వెలుతురు వచ్చిన పిమ్మటనే తొక్కవలెను. నాలుగవది: జిల్లా పోటీలు, రాష్ట్ర పోటీలు ఒక్కటి తరువాత నొకటి గెలిచిననే ముందు మెట్టు. గెలువనిచో సిగ్గుపడనక్కరలేదు, గట్టి గుండె, గట్టి కాళ్ళు మిగులును. అయిదవది: ఎవడైనను ఒడంబడిక తెచ్చినచో చదివింపక సంతకము చేయరాదు. గల్ఫునకు పంపెదనని వచ్చిన దళారుల చేతిలో మనవారు నేర్చిన పాఠము ఇచ్చటను పనికివచ్చును.

ఊరి పెద్దలుగా మీరు చేయదగినదియు కొంత కలదు. సంక్రాంతికో, దసరాకో పిల్లలకు సైకిలు పందెము పెట్టింపుడు. ముందు వచ్చినవానికి బహుమానమిత్తురు, మంచిదే. కాని నలుగురేసి పిల్లల జట్టులుగా పెట్టింపుడు. జట్టు నంతటిని కలిపి బహుమాన మిండు. ఎవడు గాలికి ఎదురు నిలిచెనో, ఎవడు తోటివానికి చక్రమిచ్చెనో అడిగి తెలిసికొని, వాని పేరును పదిమందిలో బిగ్గరగా చదువుడు. ఎందుకనగా, మన పిల్లలలో వేయింటి కొకడును ఐరోపాకు పోకపోవచ్చును. కాని ప్రతి యింటను, ప్రతి పొలమున, ప్రతి కర్మాగారమున ఒకని గెలుపు కొరకు గాలికి ఎదురు నిలుచువారు కావలసియేయున్నారు. వారి పేరు పత్రికలో రాదు. కనీసము ఊరివారికైనను తెలియవలెను.

సైకిలు రౌతు వృత్తి సులభమని నేను చెప్పలేదు, నీచమనియు చెప్పలేదు. అది కష్టపడి కూడు సంపాదించుకొను పనులలో నొకటి. దాని లాభనష్టములు మీ ముందుంచితిని. పిల్లవాడు వచ్చి అడిగినపుడు వాని కాళ్ళను చూచి, వాని చదువును చూచి, వాని యింటిని చూచి, తెలిసి సమాధాన మిండు.